ముసురు వదలని ఇల్లు

కాపురానికి వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, పొద్దున్న ఏడు దాటాక నా భార్య వాకిట్లో నిలబడి పైకి చూస్తూ, "ఇక్కడ పొద్దు ఎటేపు పొడుస్తుందండీ?" అని అడిగింది.

నేను నవ్వి తూర్పు చూపించాను. అటు మా కొబ్బరిచెట్లు నాలుగు, వాటి వెనక దూరంగా పక్కవాళ్ళవి, ఆ వెనక ఇంకొకరివి. మా ఇంటి మీద ఎండ పడేది పదిన్నర తర్వాతే, అది కూడా ముక్కలు ముక్కలుగా. నేను అక్కడే పుట్టాను కాబట్టి అదొక లోటని నాకెప్పుడూ తోచలేదు. తను పుట్టింది కె.గంగవరం దగ్గర. చుట్టూ వరిచేలు. వాళ్ళ అరుగు మీద కూర్చుంటే కాలవ అవతల గట్టు మీద నడిచే మనిషి ఎవరో పోల్చుకోవచ్చు. అంత వెలుతురులో పెరిగిన పిల్లని తెచ్చి ఈ నీడలో పెట్టామని అప్పుడు నాకు అనిపించలేదు. అనిపించి ఉంటే ఏం చేసేవాణ్ణో కూడా తెలీదు.

నేను ఓడలరేవులో బోటు ఇంజన్లు బాగుచేస్తాను. మా నాన్నగారిదీ అదే పని. ఆయన పోయాక ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. తర్వాత నా భార్య వచ్చింది, ఆ తర్వాత కూతురు పుట్టింది. మా ఇంట్లో మనుషులు ఇంతే.

మొదటి ఏడు ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళి శ్రావణంలో తిరిగొచ్చింది. వచ్చిన వారానికి ముసురు పట్టింది. సముద్రం పక్కన ముసురంటే తుంపర ఆగినా ఆకాశం విడవదు. పగలు పదింటికి వంటింట్లో లైటు వేసుకోవాలి. అగ్గిపుల్ల వెలగదు. ఆరేసిన బట్ట మూడు రోజులైనా చెమ్మగానే ఉంటుంది. అలాంటి రోజుల్లో మా ఊళ్ళో అందరూ ఇంకో గంట ఎక్కువే పడుకుంటారు. కాబట్టి తను పడుకుంటే ఎవరికీ వింతగా అనిపించలేదు.

తనది గంటతో పోయేది కాదు. ఎనిమిదింటికి లేపితే లేచి, ఒకటీ అరా పనులు చేసి, పదకొండుకి మళ్ళీ పడుకునేది. ఎంత నిద్రపోయినా, బరువు మోసుకొచ్చి అప్పుడే దించిన మనిషిలా ఉండేది. కూర వద్దనేది, పులుసు వద్దనేది, బెల్లం మాత్రం తినేది. డబ్బాలో బెల్లం వారానికే అయిపోతుంటే అమ్మకి ఆశ కలిగింది.

"నెల తప్పిందేమోరా," అంది నాతో.

తప్పలేదు. ఆ సంగతి తెలిశాక అమ్మ మాట మారింది. నా ముందు ఏమీ అనేది కాదు కానీ, గిన్నెలు కడుగుతూ తనలో తను, "పగలు పడుకునే ఇంట్లో ఏం నిలుస్తుంది," అనేది. అది లోపల పడుకున్న మనిషికి వినపడుతుందని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు.

మాఘంలో ఒక పొద్దున్న నేను లేచేసరికి తను పక్క మీద లేదు. పెరట్లో నీళ్ళ చప్పుడు. వంటింటి సామానంతా బయటపెట్టి తోముతోంది. "ఇంత మసి పట్టేదాకా ఏం చేసేనండీ నేను?" అని నన్నే అడిగింది, నవ్వుతూ. ఆ వారంలో గోడలకి సున్నం వేసింది. అమ్మ పాతచీరలన్నీ పోగేసి బొంత కుట్టింది. ఎదురింటావిడతో కలిసి అంతర్వేది వెళ్ళొచ్చింది. అమ్మ కూడా వెనకటి ఐదారు నెలల ఊసు ఎత్తలేదు. కొత్త నీళ్ళు, కొత్త గాలి, నీరసం చేసి ఉంటుందిలే అనుకున్నాం. అలా అనుకుంటూ ఏడేళ్ళు గడిపేశాం. ప్రతి భాద్రపదానికీ ఆమె మునిగేది, ప్రతి మాఘానికీ తేలేది. తేలిన మనిషిని చూశాక మునిగిన సంగతి గుర్తుపెట్టుకోవాలని ఎవరికీ అనిపించదు.

ఒక విషయం ఇప్పుడు తలుచుకుంటే మనసు పాడవుతుంది. వేసవిలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డుకొస్తాయి. ఇంజన్లు విప్పదీసి బాగుచేయించుకునేది అప్పుడే. నాకు ఏడాది మొత్తం మీద ఊపిరాడనిది ఆ రెండు నెలలే. తను బాగుండేదీ ఆ రోజుల్లోనే. నేను డీజిలు కంపుతో చీకటిపడ్డాక ఇల్లు చేరేసరికి తన దగ్గర పొద్దుటి నుంచి పోగైన కబుర్లు బోలెడుండేవి. నేను కంచం ముందే కునికేవాణ్ణి. ముసురు రోజుల్లో నాకు కావలసినంత తీరిక. అప్పుడు తన దగ్గర ఒక్క మాటా ఉండేది కాదు. ఇరవై ఏళ్ళ కాపురంలో మేమిద్దరం ఒకరికొకరం దొరికిన రోజులు చాలా తక్కువ.

మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు వాయుగుండాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నెలన్నర పాటు సూర్యుణ్ణి చూసిన గుర్తు లేదు. ఒకరోజు మధ్యాహ్నం ఇంటికొస్తే అమ్మాయి బడి నుంచి వచ్చేసి గుమ్మంలో కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది.

"టీచరుగారు బయట నిలబెట్టేరు నాన్నా. జడ వేసుకు రాలేదని."

"అమ్మ వెయ్యలేదా?"

"దువ్వెన పట్టుకుంది. పట్టుకుని అలా కూర్చుండిపోయింది. బెల్లు కొట్టేస్తారని నేనే వెళ్ళిపోయేను." తర్వాత, ఇంట్లో చుట్టాలొచ్చారని చెప్పినంత మామూలుగా, "అమ్మకి వాన వచ్చేసింది నాన్నా," అంది.

ఏడేళ్ళుగా మేం పేరు పెట్టలేకపోయినదానికి ఆ పిల్ల ఎప్పుడో పేరు పెట్టుకుంది. వానకీ అమ్మకీ ఉన్న లంకె ఆరేళ్ళ పిల్లకి తెలిసింది, నాకు తెలియలేదు.

లోపలికి వెళ్ళాను. నా భార్య మంచం మీద కూర్చునే ఉంది. దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది.

"చెయ్యి లేవట్లేదండీ," అంది.

"నొప్పా?"

"నొప్పి కాదండీ. ఎత్తాలనే అనుకుంటున్నాను. లేవట్లేదు."

ఆ మర్నాటి నుంచి అమ్మాయి జడ నేనే వేశాను. వంకరగా వచ్చేది. ఏడాది తిరక్కుండానే ఆ పిల్ల తన జడ తనే వేసుకోవడం నేర్చుకుంది.

తర్వాత నాలుగైదు రోజులకి, భోజనాల దగ్గర, నా కంచంలో చారు వడ్డిస్తూ తను ఒక మాట అంది. "నేను లేకపోయినా మీ ముగ్గురికీ బాగానే జరిగిపోతుందండీ. చూస్తున్నాను కదా." ఏడుస్తూ అనలేదు. గ్యాసు బండ అయిపోవచ్చిందని చెప్పినట్టు చెప్పింది. అమ్మ తినడం ఆపేసింది. మర్నాడు రేవుకి వెళ్ళకుండా తనని బస్సెక్కించుకుని కాకినాడ తీసుకెళ్ళాను. మానసిక వైద్యుల దగ్గరికని దారిలో చెప్పలేదు. బోర్డు చదివి తనే తెలుసుకుంది.

డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది. "ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలాగ?"

"ఎప్పుడూ ఉండదండీ. వానాకాలంలోనేనండి."

డాక్టరమ్మ రాస్తున్న చెయ్యి ఆగింది. "ఎండాకాలంలో బాగుంటారా?"

"ఆయ్. చాలా బాగుంటానండి." తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది ఆ మాట.

నిద్రా మెలకువా ఉత్సాహమూ కొంతవరకు కంట్లో పడే వెలుతురుని బట్టి నడుస్తాయనీ, వెలుతురు తగ్గితే కొందరిలో ఆ నడక తప్పుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. చలిదేశాల్లో శీతాకాలంలో ఎక్కువగా చూస్తారట. మన దగ్గర ఇలా ముసురు రోజుల్లో మునిగిపోయేవాళ్ళు తనకి కొందరు తగిలారట. "ఇది బద్ధకం కాదండి. జబ్బు," అంది నా వైపు తిరిగి. నా భార్య కూడా నా వైపే చూసింది. ఆ చూపులో నిష్ఠూరం ఉంటే తట్టుకునేవాణ్ణి. విన్నారా అన్నట్టు మాత్రమే చూసింది.

మాత్రలు రాసి, రోజూ పొద్దున్నే అరగంట ఆరుబయట వెలుతురులో కూర్చోమంది.

"ఎండే లేనప్పుడు ఎక్కడ కూర్చోమంటారండీ?"

"మబ్బుగా ఉన్నా ఇంట్లో కన్నా బయట వెలుతురు ఎక్కువే ఉంటుందమ్మా. బయటికి రావాలి. అదే ముఖ్యం."

ఇలాంటివాళ్ళ కోసం విదేశాల్లో ప్రత్యేకంగా దీపాలుంటాయని కూడా మాటల్లో చెప్పింది. నేను ఆ ఒక్క మాటా పట్టుకున్నాను. బోట్ల మీద కట్టే పెద్ద ఎల్ఈడీ లైటు ఒకటి తెచ్చి గదిలో గోడకి బిగించాను. పొద్దున్నే ఆ లైటు ముందు తనని కూర్చోబెట్టేవాణ్ణి. పోలీసులు కూర్చోబెట్టినట్టు కూర్చునేది, తల వంచుకుని, కళ్ళు చికిలించుకుని. గదిలోకి రెక్కల పురుగులు వచ్చి పడేవి. కరెంటు పోతే ఒక్కసారిగా చీకటి. రెండోసారి వెళ్ళినప్పుడు చెబితే, కళ్ళు పాడవుతాయి, అది ఆ పనికి తగిన దీపం కాదని డాక్టరమ్మ మందలించింది. విప్పేశాను.

అప్పుడే చెట్ల మాట నా బుర్రలోకి వచ్చింది. బయటికి రమ్మన్నారు సరే, మా బయట ఉన్నదీ నీడే కదా. తూర్పున ఉన్న నాలుగు చెట్లూ కొట్టించేస్తే వాకిట్లోకీ, తను పడుకునే గదిలోకీ పొద్దుటి వెలుతురు వస్తుంది. నాలుగూ నిండుగా కాపు మీద ఉన్నాయి. అమ్మతో చెప్పాను.

"కాసే చెట్లురా," అంది అమ్మ.

"తెలుసమ్మా."

"మీ నాన్న వేసినవి."

"అదీ తెలుసు."

అమ్మ చెట్ల వైపు చూసింది. "దానికి నయమవుతుందని డాక్టరు చెప్పేరా?" అని అడిగింది. వెలుతురు కావాలని చెప్పారన్నాను. అబద్ధం కాదు, అలాగని అమ్మ అడిగినదానికి జవాబూ కాదు. అమ్మ కొంగు దులుపుకుని లేచి, పడమటి వైపు వెళ్ళి కూర్చుంది.

చెట్లు కొట్టేవాళ్ళు ముగ్గురొచ్చారు. పైనుంచి మట్టలు, గెలలు దించి, మొదలు దగ్గర రంపం పెట్టి, తాళ్ళతో లాగి దొడ్డివైపు పడేశారు. ఒక్కోటి పడినప్పుడల్లా ఇల్లు అదిరింది. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. నా భార్య కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి చూసింది. రెండో చెట్టు పడ్డాక నన్ను పిలిచింది.

"నా కోసమాండీ ఇదంతా?"

"గదిలోకి వెలుతురు రావాలి కదా."

"వద్దండీ. అత్తయ్యగారు చూడండి ఎలా కూర్చున్నారో. ఆపించేయండి."

ఆపించలేదు. రెండు కొట్టాక మిగతా రెండూ ఉంచి ప్రయోజనం లేదనిపించింది. సాయంత్రానికి తూర్పు ఖాళీ అయిపోయింది. ఎప్పుడూ చూడనంత ఆకాశం కనిపించింది. దాన్నిండా మబ్బే. పదకొండు రోజులు ఆ మబ్బు కదల్లేదు. నేను రోజూ తెల్లవారుతూనే లేచి చూసేవాణ్ణి. పన్నెండో రోజు ఎండ వచ్చింది. నేననుకున్నట్టే కిటికీలోంచి నేరుగా మంచం మీద పడింది. తను మొహం మీదికి కొంగు లాక్కుని గోడవైపు తిరిగింది.

మాత్రలు పనిచేశాయో, ఎండే పనిచేసిందో, ఆ ఏడు మాఘం దాకా ఆగకుండా కార్తీకంలోనే లేచి తిరిగింది. నేను చెట్ల వల్లే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరం. అమ్మ మాత్రం ఆ తర్వాత తూర్పు అరుగు మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఎండాకాలంలో నీడ లేక ఇల్లు కుంపటిలా కాగేది. అమ్మ తడిబట్ట మెడకి చుట్టుకుని తిరిగేది. నాలుగేళ్ళ తర్వాత అమ్మ పోయింది. వయసు మీద పడి పోయింది. నా భార్య మాత్రం, "ఆ ఎండకి తట్టుకోలేకపోయేరండీ," అంది. కాదని ఎంత చెప్పినా వినలేదు.

ఆ ఏళ్ళన్నీ ఒకేలా గడిచాయి. ఆషాఢంలో మాత్రలు మొదలుపెట్టేవాళ్ళం, మాఘంలో మానేసేవాళ్ళం. "మమ్మల్ని అడక్కుండా మానొద్దు," అని డాక్టరమ్మ ప్రతిసారీ చెప్పింది. "బాగానే ఉన్నాను కదండీ, ఇంకెందుకూ మందులు," అనేది తను. నాకూ అదే నిజమనిపించేది. సున్నం వేస్తూ, నవ్వుతూ, వీధిలో అందరినీ పలకరిస్తూ తిరుగుతున్న మనిషి చేతిలో పొద్దున్నే మాత్ర పెట్టడం అపశకునంలా ఉండేది. తను మానేస్తానన్నది నిజమే కానీ, సరేనన్నది నేను.

మొన్న గడిచిన ముసురు అన్ని ముసుర్ల లాంటిదే. ఎక్కువ వానలు కూడా లేవు. తను మునిగింది. మేం ఎదురుచూశాం. మా అమ్మాయి అప్పుడు ఇంటరు రెండో ఏడు చదువుతోంది. పుష్యం వెళ్ళింది. మాఘం వచ్చింది. పొద్దున్నే లేచి పెరట్లో నీళ్ళ చప్పుడు వినపడుతుందేమోనని చెవులప్పగించి పడుకునేవాణ్ణి. మా అమ్మాయి కూడా అలాగే పడుకునేదని తర్వాత చెప్పింది. ఎండ బ్రహ్మాండంగా కాసింది. వాకిలంతా పరుచుకుంది. ఫాల్గుణం వచ్చింది. తను లేవలేదు.

అమ్మాయి పరీక్షలకి చదువుకుంటూనే రోజూ వాకిట్లో కుర్చీ వేసి, తల్లిని నడిపించుకొచ్చి ఎండలో కూర్చోబెట్టేది. లేవమనేదాకా అలాగే కూర్చునేది తను. ఒకరోజు నేను గుమ్మంలో ఉండగా అమ్మాయి అడిగింది.

"ఎండ బాగుందా అమ్మా?"

"ఆఁ. బాగుంది."

"ఎలా ఉంది?"

"వెచ్చగా ఉందమ్మా. అంతే. ఇదివరకు ఇంకా ఏదో ఉండేది."

అమ్మాయి పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపేసుకుంది. నేను వెనకాల వెళ్ళలేదు.

కాకినాడ వెళ్ళాం. "ఎండ వస్తే తగ్గిపోతుందన్నారు కదండీ," అన్నాను. నా గొంతులో రోషం నాకే వినపడింది, ఆవిడేదో మాట ఇచ్చి తప్పినట్టు. డాక్టరమ్మ తొందరపడలేదు. కొందరిలో కొన్నేళ్ళకి ఇది కాలంతో పని లేకుండా ఉండిపోతుందని, మందు మార్చి చూద్దామని అంది. మార్చింది. ఆ తర్వాత ఇంకోటి మార్చింది. ఇప్పుడు వాడుతున్నది మూడోది. దీనితో చేతులు కొద్దిగా వణుకుతున్నాయి, అంతకు మించి తేడా నాకు కనపడటం లేదు. ఇంకా టైము పడుతుందని ఆవిడ అంటోంది. ఆవిడ అబద్ధం చెబుతోందని నేననుకోను. ఎదురుచూసే శక్తి నాలోనే తగ్గిపోయింది.

అమ్మాయి డిగ్రీకి రాజమండ్రి హాస్టల్లో చేరింది. వెళ్ళనని ఏడ్చింది, నేనే పంపాను. పదిహేడేళ్ళ పిల్ల ఆ గదిలో, తల్లి మొహంలోకి చూస్తూ కూర్చోవడం నాకు భయమేసింది. రోజూ ఫోను చేస్తుంది. "అమ్మ ఏం చేస్తోంది?" అంటుంది. పడుకుందని చెబుతాను. వేరే జవాబు లేదని తనకీ తెలుసు, అయినా అడుగుతుంది.

ఇప్పుడు మళ్ళీ ఆషాఢం. నిన్నటి నుంచి పడమటి గాలి మొదలైంది. రేవులో, "ముసురు పట్టేలా ఉందండీ," అన్నారెవరో. ఆయ్ అన్నాను. ఇదివరకు ఈ రోజుల్లో నాకు ఒక బెదురు ఉండేది. ఈ ఏడు అది లేదు. వానకి మా దగ్గర్నుంచి పట్టుకుపోవడానికి ఏమీ మిగల్లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం వండుతాను. పొద్దున్న చేసిన కూర వేడిచేస్తాను. కంచం తెచ్చి మంచం మీద పెట్టి, లేపి కూర్చోబెడతాను. నాలుగు ముద్దలు తింటుంది. మాత్ర ఇస్తే వేసుకుంటుంది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఒక్క మాట అంటుంది, ఏ రోజూ తప్పకుండా.

"మీరు తిన్నారా?"

తిన్నానంటాను. అప్పటికే కళ్ళు మూసుకుని ఉంటుంది. నా జవాబు విందో లేదో నాకు తెలీదు. పక్కన కొంచెంసేపు కూర్చుని, తిరిగి రేవుకి వెళ్ళిపోతాను.